చేపల తొట్టెలో దీపం, దాని కరెంటు తీగ



ఈవేళ నేను చెప్పబోయేది ఎరువుల సంగతి కాదు, పురుగుమందుల సంగతీ కాదు. రంగుచేపలు పెంచే తొట్టెలో నీటిని తేటగా ఉంచే చిన్న దీపం ఒకటి ఉన్నది. దానికి పోయే కరెంటు తీగ చెడినప్పుడు ఎట్లా బాగుచేసుకోవాలి అన్నదే నేటి విషయం. “ఓస్, దీపానికి తీగ కలపడమేగా, దానికొక ప్రసంగమా?” అని మీలో కొందరికి తోచవచ్చును. నాకూ ఒకప్పుడు అట్లాగే తోచింది. దాని ఫలితం కాసేపట్లో మనవి చేస్తాను.

పెరట్లో టార్పాలిన్ పరచిన గుంటలోనో, సిమెంటు తొట్టెలోనో కోయి, గోల్డ్‌ఫిష్, మోలీ, గప్పీ వంటి చేపలు పెంచి అమ్ముకొనేవారు మన జిల్లాలలో అక్కడక్కడ ఉన్నారు. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇటువంటి పెరటి యూనిట్లకు కూడా చోటు ఇచ్చారు. ఈ తొట్టెలకు వచ్చే పెద్ద చిక్కు పచ్చనీరు. ఎండ తగిలి, చేపల రెట్ట నీటిలో కరిగితే, కంటికి కనిపించని నాచు పుట్టి నీరంతా పెసరకట్టులాగ అవుతుంది. ఎంత మంచి స్పాంజి వేసినా ఆ నాచు వడపోతకు దొరకదు, అంత సన్ననిది. చేప పచ్చగా ఉన్న నీటిలో ఉంటే కొనవచ్చినవాడికి దాని రంగు కనబడదు. రంగు కనబడని రంగుచేపను ఎవరు కొంటారు?

అందుకని వడపోత డబ్బాలో గాని, దాని పక్కన వేరే గొట్టంలో గాని అతినీలలోహిత కిరణాల దీపం అమర్చుతారు. అంగడిలో ‘యు.వి. దీపం’ అంటే చాలు, ఇస్తారు. సన్నని గాజుగొట్టంలో కాస్త పాదరసపు ఆవిరి ఉంటుంది. కరెంటు పోతే అది 254 నానోమీటర్ల కిరణాన్ని వెలువరిస్తుంది. నీటితోపాటు దాని పక్కగా పోయే నాచు కణాలు దెబ్బతిని, పెరగలేక, ఒకదానికొకటి అంటుకొని గడ్డలు కడతాయి. ఆ గడ్డలను స్పాంజి పట్టుకుంటుంది. ఇది నిన్నమొన్నటి విద్య కాదు. 1910లోనే ఫ్రాన్సులోని మార్సేల్ పట్టణంలో తాగునీటిని ఈ కిరణాలతో శుద్ధి చేసి చూశారు. మన సముద్రతీరపు రొయ్యపిల్లల హేచరీలలో నీటికి వాడేదీ ఈ జాతి దీపమే, కాకపోతే పెద్దది.

దీపం చుట్టూ మరొక గొట్టం ఉంటుంది, క్వార్ట్జుది. మామూలు గాజు ఈ కిరణాన్ని బయటికి పోనివ్వదు గనుక క్వార్ట్జు వాడతారు. నీరు ఆ గొట్టానికి వెలుపల, దీపం లోపల. రెంటికీ మధ్య తడి చేరకుండా కాపలా కాసేది ఒక రబ్బరు రింగు. కరెంటుకూ నీటికీ మధ్య ఉన్న గోడ అంతే, గాజు ఒకటి, రబ్బరు ఒకటి. ఈ మాట మనసులో పెట్టుకోండి.

ఇక నా కథ. కొన్నేళ్ళ క్రితం మా పెరటి తొట్టె దీపపు తీగను ఎలుక కొరికింది. నేను తెగినచోట రెండు కొసలూ మెలివేసి, నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి, పైన ఇటుక పెట్టి ఊరుకున్నాను. దీపం వెలిగింది. పది పన్నెండు రోజులు వాన పట్టింది. ఒక సాయంత్రం తొట్టె గట్టున మోకాలు ఆనించి, స్పాంజి తీద్దామని నీళ్ళలో చెయ్యి పెట్టాను. మోచేయి దాకా ఝుల్లుమని, ఎవరో లాగి విసిరినట్టు వెల్లకిలా పడ్డాను. లేచి చూస్తే చేపలు హాయిగా తిరుగుతున్నాయి! దీపమూ వెలుగుతున్నది, ఫ్యూజూ పోలేదు. ప్రతి ఉదయమూ వట్టి కాళ్ళతో ఆ గట్టునే కూర్చొని మేత వేసేది మా ఇంటావిడ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చేపలకు ఎందుకు తగల్లేదో చెబుతాను. టార్పాలిన్ ప్లాస్టిక్కు, అది నీటిని నేలనుంచి వేరుచేసి ఉంచుతుంది. లీకైన కరెంటు నీటినంతా తన పోటుకు ఎక్కించి అక్కడే ఆగిపోతుంది, పోవడానికి దారి లేదు. కరెంటు తీగమీద కాకి వాలినా దానికేమీ కానట్టే, ఆ నీటిలో చేపకూ ఏమీ కాదు. తడినేల మీద కాలో మోకాలో ఆనించి నీళ్ళలో చెయ్యి పెట్టినవాడు మాత్రం తానే దారి అవుతాడు. కనుక “చేపలు బాగానే ఉన్నాయి గదా, లీకు ఉంటే చచ్చేవి గదా” అనే మాట నమ్మకండి. నేను నమ్మేవాణ్ణి.

మరి ఫ్యూజు ఎందుకు పోలేదు? లెక్క చూడండి. 36 వాట్ల దీపం 230 వోల్టుల మీద తీసుకొనే కరెంటు ఆంపియరులో ఆరోవంతో, చోకునుబట్టి మరికొంత ఎక్కువో. ఇంట్లో ఉన్న ఫ్యూజు 5 ఆంపియర్లది. మనిషిని చంపడానికి ఆంపియరులో ఇరవయ్యోవంతు చాలు. అంటే మనిషి పోయినా ఫ్యూజుకు చీమకుట్టినట్టైనా ఉండదు. “మాకు ఎర్తు ఉందండీ” అంటారు. ఉండవలసిందే. కాని నేలలో పాతిన కడ్డీ ఎండాకాలం ఆరిపోయి 100 ఓములు అడ్డుపెట్టిందనుకోండి, 230ని 100తో భాగిస్తే 2.3 ఆంపియర్లే పారుతుంది. 5 ఆంపియర్ల ఫ్యూజు దానికీ పోదు. ఎర్తు ఉన్నదన్న ధైర్యమే మిగులుతుంది, రక్షణ మిగలదు.

ఈ ఖాళీని పూడ్చేది ఆర్.సి.సి.బి. అనే పెట్టె. ఫేజులో పోయిన కరెంటూ న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటూ సమానమా కాదా అని అది సదా చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే కరెంటు పక్కదారి పట్టిందన్నమాట, వెంటనే తెంచేస్తుంది. తొట్టె దగ్గరకు 30 మిల్లీఆంపియర్లదే పెట్టించండి. 100, 300 అని రాసి ఉన్నవి మనిషి ప్రాణానికి చాలవు. ఇది ఫ్యూజు చేసే పని చేయదు గనుక ఫ్యూజో, ఎం.సి.బి.యో వేరే ఉండవలె. ఇంకొకటి: ఒక చేత్తో ఫేజూ మరో చేత్తో న్యూట్రలూ పట్టుకున్నవాణ్ణి ఇది కాపాడదు. దాని లెక్కలో ఆ మనిషీ ఒక దీపమే.

ఇప్పుడు మరమ్మతుకు వద్దాం. రేడియోలో చెయ్యి పెట్టి చూపించలేను కనుక నెమ్మదిగా చెబుతాను.

ముందుగా ప్లగ్గు పీకండి. స్విచ్చి తీసితే చాలదు. కొన్ని ఇళ్ళలో స్విచ్చి ఫేజు మీద కాక న్యూట్రలు మీద పడి ఉంటుంది. అప్పుడు స్విచ్చి తీసినా దీపం ఆరుతుందే గాని తీగ బతికే ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గయితే దాన్ని తిరగేసి పెట్టినా అదే ముప్పు. ప్లగ్గు లేకుండా నేరుగా కలిపి ఉంటే మెయిన్ తీసి, ఆ లైను ఫ్యూజు ఊడదీసి, జేబులో వేసుకోండి. పిల్లవాడు ఎవడో వచ్చి “కరెంటు పోయింది” అని మళ్ళీ పెట్టకుండా ఉండాలంటే జేబును మించిన తాళం లేదు. నీటి పంపు ప్లగ్గు కూడా పీకవలె. అదీ ఆ నీటిలోనే ఉన్నది.

చాలామంది టెస్టరు స్క్రూడ్రైవరునే నమ్ముకుంటారు. ఎండలో దాని వెలుగు కనబడదు. పొడి చెక్కమీద రబ్బరు చెప్పులతో నిలబడితే వెలిగీ వెలగనట్టు ఉంటుంది. వెలగలేదు కనుక కరెంటు లేదని దానిమీద తీర్పు చెప్పకండి. చిన్న మల్టీమీటరు కొనుక్కోండి. ముందు కరెంటు ఉన్న సాకెట్టులో పెట్టి అది పనిచేస్తున్నదని చూసుకోండి, తరువాత మీ తీగమీద చూడండి, మళ్ళీ ఆ సాకెట్టులో చూడండి. నడుమ మీటరు చెడిపోలేదని మూడోసారి తెలుస్తుంది.

దీపం యూనిట్టును నీటి దగ్గరనుంచి పొడిచోటికి తీసుకురండి. గట్టుమీద కూర్చొని చేయకండి. తడిచేతులు తుడుచుకోండి.

జబ్బు ఏమిటో ముందు తేల్చుకోవాలి. దీపం నీలంగా వెలుగుతూనే ఉండి నీరు పచ్చబడుతుంటే తీగ జోలికి పోనక్కరలేదు. ఈ దీపాలలో చాలావాటి ఆయువు 8,000 గంటలు, 9,000 గంటలు. రాత్రింబవళ్ళు వెలిగితే సుమారు ఏడాది. ఆ తరువాత కంటికి నీలం కనిపిస్తూనే ఉంటుంది, నాచును దెబ్బతీసే కిరణం మాత్రం తగ్గిపోతుంది. అటువంటప్పుడు దీపం మార్చడమే మందు. అసలు వెలగకపోతే దీపమో, చోకో, తీగో చూడాలి. వెలుగుతూ ఆర్.సి.సి.బి. పడిపోతుంటే నీరు చొరబడిందని అనుమానించండి. క్వార్ట్జు గొట్టం లోపల చెమట పట్టినట్టు ఉన్నదా? హోల్డరు పిన్నుల దగ్గర పచ్చని చిలుము ఉన్నదా? ఉన్నదంటే రబ్బరు రింగు పోయిందన్నమాట. తీగ ఎంత కొత్తది వేసినా ఉపయోగం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. విప్పి బయటపెట్టిన దీపాన్ని వెలిగించి చూడకండి. ఒక్క నిమిషమైనా వద్దు. ఆ క్షణాన ఏమీ తెలియదు. కొన్ని గంటలు పోయాక, అర్ధరాత్రి, కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు కారడం. చర్మమూ ఎండకు మాడినట్టు కందుతుంది. వెలుగుతున్నదో లేదో చూడడానికి డబ్బాకు చిన్న అద్దమో, వెలుతురు పారే గొట్టమో ఉంటుంది, అక్కడే చూడండి. దీపం పగిలితే కిటికీలు తీసి, కాసేపు అందరూ బయటికి పోయి, తరువాత గట్టి అట్టముక్కతో పెంకులు ఎత్తి మూతసీసాలో పెట్టండి. చీపురుతో చిమ్మకండి, లోపల పాదరసం ఉన్నది. తొట్టెలోగాని పెంటకుప్పలోగాని పారవేయరాదు.

తీగ సంగతి. ఎలుక కొరికినచోట అతుకు వేయాలనే బుద్ధి అందరికీ పుడుతుంది. దయచేసి వేయకండి. టేపు జిగురు తడికీ ఎండకీ నాలుగు నెలల్లో వదులవుతుంది. అంతకంటె ముఖ్యం, రాగి సన్నపోగుల మధ్య సందులు ఉంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు అవి నీటిని పీల్చి, మూరెడు దూరం లోపలికి తీసుకుపోతాయి. నా తీగను తరువాత కోసి చూస్తే అతుకు నుంచి జానెడు మేర రాగి నల్లబడి ఉన్నది. కనుక కరెంటు పెట్టె నుంచి దీపం డబ్బా దాకా ఒకే ముక్కగా కొత్త తీగ వేయండి. మూడు తీగల కేబులు, ఒక్కొక్కటి 1 చదరపు మిల్లీమీటరు, పైన మందపు రబ్బరు తొడుగు. అంగడివాడు ఇంటిలోపల వేసే సన్న తెల్లని వైరు ఇస్తే వద్దనండి. డబ్బులో తేడా ఉంటుంది, కాదనను. చేపల ఒక్క తడవ మేత ఖర్చుకు మించదు.

పాత తీగ విప్పేముందు ఏ రంగు ఏ స్క్రూకు ఉన్నదో కాగితం మీద రాసుకోండి. ఈ రంగుల దగ్గరే అసలు ప్రమాదం. మన ఇళ్ళలో చాలాకాలంగా వాడుతూ వచ్చిన రంగులు ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. చేపల తొట్టె సామాను ఎక్కువగా బయటి పద్ధతిలో వస్తుంది: గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రలు, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్తు. కనుక గోధుమ ఎరుపుకు, నీలం నలుపుకు, చారలది ఆకుపచ్చకు కలపాలి. ఇంతవరకు తేలికే. కాని కొందరు మోటారు షెడ్డులోని మూడు ఫేజుల లైను నుంచి ఈ దీపానికి తీగ లాగుతారు. అక్కడ ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే! నీలానికి నీలం కలపడం సబబే అనిపిస్తుంది. అట్లా కలిపి గోధుమను ఎరుపుకు ఇస్తే దీపం మీద 230 కాదు, 400 పైచిలుకు వోల్టులు పడతాయి. చోకు కాలిపోతుంది, అది కూడా మంచి అదృష్టం అనుకోవాలి. మోటారు షెడ్డు నుంచి తీగ లాగనే వద్దు. ఎక్కడ లాగినా రంగును కాదు, మీటరును అడగండి. పాత ఇంటిలో ఎవరో దొరికిన ముక్కతో కలిపిపోయిన ఎర్రతీగ ఎర్తుగా ఉండడం కూడా చూశాను.

తీగ కొస ఒలిచేటప్పుడు గోటి వెడల్పు ఒలిస్తే చాలు. పోగులు తెగరాదు, ఒక్క పోగు కూడా స్క్రూ బయట వేలాడరాదు. పోగులకు టంకం పెట్టి స్క్రూ కింద బిగించడం మంచిదనుకుంటారు కొందరు. టంకం మెత్తనిది, నొక్కుడుకు క్రమంగా జారి స్క్రూ వదులవుతుంది. పోగులు మెలివేసి బిగించండి, లేదా చిన్న రాగి టోపీ తొడగండి. ఎర్తు తీగను మిగతా రెంటికంటె ఒక వేలెడు పొడుగు వదలండి. ఎవరైనా కేబులు తట్టుకొని లాగితే ఫేజు ముందు ఊడాలి, ఎర్తు చివర ఊడాలి. అసలు లాగుడు స్క్రూల మీద పడకుండా లోపలి బిగింపు పట్టీ కేబులు పైతొడుగును పట్టుకోవాలి.

కేబులు డబ్బాలోకి దూరే చోట గ్లాండు ఉంటుంది, మరతో బిగించే రబ్బరు మూతి. కేబులు లావుకు అది సరిపోవాలి. కేబులు పైనుంచి నేరుగా దిగి డబ్బాలోకి పోరాదు. వాననీరు దాని వెంటే కారి లోపలికి పోతుంది. ముందు కిందికి ఒంగి, మళ్ళీ పైకి లేచి దూరాలి. నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. తాటాకు ఇంటి చూరు పెట్టినవాడికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

దీపపు హోల్డరు, మూత చూడండి. ఈ కిరణం నాచునే కాదు, ప్లాస్టిక్కునూ తింటుంది. ఏళ్ళ తరబడి వెలుగు తగిలిన హోల్డరు పసుపెక్కి, పెళుసుబారి, వేలితో నొక్కితే పెచ్చులూడుతుంది. అటువంటిది మార్చివేయండి, బిగించబోకండి. రబ్బరు రింగు కొత్తది వేయండి, సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. వ్యాజ్‌లైను వద్దు, కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తుంది. క్వార్ట్జు గొట్టంమీద తెల్లని సున్నపు పొర కడితే వెనిగరులో నానబెట్టి మెత్తని గుడ్డతో తుడవండి. కొత్త దీపాన్ని వట్టివేళ్ళతో తాకకండి. తాకితే స్పిరిట్‌తో తుడవండి.

బిగించాక వెంటనే కరెంటు ఇవ్వకండి. వడపోతలో నీరు నింపి దీపం యూనిట్టును నీటి బరువు కింద ఒక గంట ఉంచండి. ఆ తరువాత క్వార్ట్జు గొట్టంలోకి చూడండి. ఒక్క బొట్టు కనబడినా మళ్ళీ విప్పవలసిందే. మీ వైర్‌మన్ దగ్గర మెగ్గరు ఉంటే ఫేజునూ న్యూట్రలునూ ఒకటిగా కలిపి, వాటికీ ఎర్తుకూ మధ్య 500 వోల్టులతో చూడమనండి. 1 మెగోముకు తగ్గకూడదు. ఇంటి మెయిన్ వైపు పని, ఆర్.సి.సి.బి. కలపడం, ఎర్తు గుంట, ఇవి మాత్రం లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేతనే చేయించండి. నేను చెప్పినదంతా ప్లగ్గు పీకిన తరువాత పొడినేలమీద చేసే పని వరకే.

టార్పాలిన్ గుంట ఉన్నవారికి ఒక అదనపు మాట. ఇందాక చెప్పాను గదా, నీటిలో లీకు దారిలేక నిలిచి ఉంటుందని. నీళ్ళలో చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ దించి దానిని ఎర్తుకు కలిపిస్తే, లీకు మొదలైన క్షణానే ఆర్.సి.సి.బి. పడిపోతుంది, మీ చెయ్యి కోసం కాచుకోదు. ఆర్.సి.సి.బి. లేకుండా మాత్రం ఈ కడ్డీ పెట్టకండి. అప్పుడు లీకు పడకుండా పారుతూనే ఉంటుంది, చేపలు దాని దారిలో పడతాయి.

ఎవరికైనా షాకు తగిలి నీటిలోనే చెయ్యి ఉండిపోతే మీరు ముట్టుకోకండి. ముందు మెయిన్ తీయండి. అది దూరమైతే పొడి వెదురుకర్రతో నెట్టండి. ఊపిరి లేకపోతే రొమ్ము నడుమ గట్టిగా, త్వరగా నొక్కుతూ ఉండండి, పక్కవారిని 108కు ఫోను చేయమనండి.

దీపం డబ్బా మూత లోపల కొత్త దీపం వేసిన తేదీ పెన్సిలుతో రాయండి. ఆర్.సి.సి.బి. మీద ‘టి’ అక్షరం ఉన్న చిన్న బొత్తాం ఉంటుంది, నెలకొకసారి నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే దానిని మార్పించేదాకా దీపమూ పంపూ రెంటి ప్లగ్గులూ పీకే ఉంచండి. నాలుగు రోజులు నీరు పచ్చబడితే పచ్చబడనివ్వండి. ఆ నాలుగు రోజులూ మేత తగ్గించి, ఉదయం సాయంత్రం కొంచెం కొంచెం నీరు మార్చుకుంటూ, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయేమో చూసుకుంటూ ఉండండి. తెరుస్తుంటే చెంబుతో నీళ్ళు ఎత్తి పోయండి, గాలి కలుస్తుంది.

సెలవు.